ముందు చెప్పు, తర్వాత ముట్టుకో

లావణ్య ఈ ఏడు నర్సింగ్‌లో చేరుతోంది. న్యూ సెటిల్‌మెంట్‌లో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండే పైడమ్మ కూతురు. మొన్న ఫిబ్రవరిలో ఓ మధ్యాహ్నం కొత్త నోటుబుక్కొకటి తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

“పెద్దమ్మా, నీ పనంతా ఇందులో రాసియ్యి. పుస్తకాల్లో లేంది రాయాల. నాకు బెంగగా ఉన్నాది” అంది.

“నా పనేటుందే రాయడానికి? పిల్లల్ని పుట్టించినాను, ముడ్లు కడిగినాను. అయిపోయింది” అన్నాను. ఊరుకుంటుందా, మొండిఘటం.

ముప్ఫై నాలుగేళ్ళు నేను ఒకే ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో పనిచేశాను. పన్నెండు మంచాలు, ఎనిమిది ఉయ్యాలలు, ఒక డాక్టరు. ఆ డాక్టరమ్మ పోయింది, ఆసుపత్రీ పోయింది. ఆ చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. రిజిస్టర్లు ఎలా నింపాలో, సెలవు చీటీ ఎవరికివ్వాలో ఇందులో ఉండవు. అవి ఎవరైనా నేర్పుతారు.

రాయడానికి కూర్చున్న రోజునే ఒకటి తెలిసింది. ఒక సంగతి రాయకుండా ఈ నోటుబుక్కు తిరిగి ఇవ్వలేను. అది లావణ్య పుట్టిన రోజున నేను చేసిన పని. పద్దెనిమిదేళ్ళుగా ఆ పిల్లకూ తెలియదు, వాళ్ళమ్మకూ తెలియదు. చెబితే ఆ ఇంటి తలుపు నాకు మూసుకుపోవచ్చు. పెళ్ళి చేసుకోలేదు నేను, నాకు ఇల్లంటూ ఉంటే అదే. చెప్పకపోతే నర్సు పని గురించి నేను రాసే ప్రతి మాటా అబద్ధమవుతుంది.

చేతులు

నా పేరు లూర్దమ్మ. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీల ఊరికి రైల్వే పనికి వచ్చాడు. వారమంతా వర్క్‌షాపులో సుత్తి, ఆదివారం గుడి వరండాలో పిల్లలకు సత్యోపదేశం. ఊళ్ళో అందరూ ఉపదేశి తాత అనేవారు. మా ఇంట్లో అన్నం ముందు ప్రార్థన తప్పితే అన్నమే లేదు.

డాక్టరమ్మ బెంగాలీ ఆవిడ. అందరం డాక్టర్ దీదీ అనేవాళ్ళం. దేవుడున్నాడో లేడో తీరిక దొరికినప్పుడు చూస్తాననేది, ఆవిడకు తీరిక దొరకలేదు. నేను చేరిన మొదటి ఉదయమే ఒక గర్భిణి పొట్టమీద చెయ్యి వేశాను. అప్పుడే కుళాయి కింద కడుక్కున్న చెయ్యి, జనవరి నెల. ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. దీదీ నా మణికట్టు పట్టుకుని పక్కకు లాగింది.

“ఆగే బోలో, తార్‌పోర్ ధోరో” అంది. ముందు చెప్పు, తర్వాత ముట్టుకో.

ఆసుపత్రిలో ఒక పెద్ద అల్యూమినియం కెటిల్ ఎప్పుడూ కాగుతూ ఉండేది. దాని పొట్టకు అరచేతులు ఆనించి వెచ్చబెట్టుకోవాలి. తర్వాత మంచం దగ్గరకు వెళ్ళి, “అమ్మా, ఇప్పుడు నీ కడుపు చూస్తాను, సరేనా” అనాలి. ఆవిడ సరే అనేదాకా ఆగాలి. ఇదీ మా ఆసుపత్రి చట్టం. దీదీ అప్పుడే పుట్టిన పిల్లలకు కూడా చెప్పేది: “ఖుకీ, పాపా, నిన్ను ఎత్తుతున్నా” అని. ఆయా శాంతీ నేనూ వెనకాల మూతులు మూసుకుని నవ్వుకునేవాళ్ళం. ఏడాది తిరక్కుండానే మేమూ చెప్పడం మొదలుపెట్టాం.

ఇప్పుడు మధ్యాహ్నం కునుకులో నాకు ఆ గదే వస్తుంది. తెల్ల పరదాలు మెల్లగా ఊగుతుంటాయి. కెటిల్ ఆవిరి కిటికీ వెలుగులోకి పోయి కరిగిపోతుంటుంది. దూరంగా వర్క్‌షాపు సైరన్ మోగుతుంది, ఎనిమిది ఉయ్యాలల్లో ఎనిమిది జతల పిడికిళ్ళు ఒక్కసారి విచ్చుకుని మళ్ళీ మూసుకుంటాయి. ఎవరి ముఖాలూ గుర్తుండవు. కళ్ళు తెరిచేసరికి నా అరచేతులు వెచ్చగా ఉంటాయి.

జేబులో జపమాల

నాకు జపం చేసుకోవడానికి వేరే సమయం దొరికేది కాదు. ఉదయం దివ్యపూజకు వెళ్ళాలంటే డ్యూటీ, సాయంత్రం జపమాల అంటే డ్యూటీ. మొదట్లో బాధపడేదాన్ని. ఒకరోజు పొత్తిగుడ్డలు మడతపెడుతూ ఉంటే తోచింది: ఉయ్యాలలు ఎనిమిది, జపమాలలో వరసకు పూసలు పది. ఒక్కో ఉయ్యాల దగ్గర గుడ్డ మారుస్తూ ఒక్కో మంగళవార్త జపం. మిగిలిన రెండు పూసలు దీదీకి, శాంతికి. అలా ముప్ఫై నాలుగేళ్ళు నా జపమాల ఆప్రాన్ జేబులోనే ఉంది, నా చేతులు గుడ్డల్లో ఉన్నాయి. దేవుడి దగ్గరకు వెళ్ళే తీరిక లేదని ఏడ్చే పిల్లలకు ఇదే చెబుతాను. పని పక్కనబెట్టి వెతక్కండి, ఆయన అక్కడే ఎక్కడో గుడ్డలు ఆరేస్తూ ఉంటాడు.

అయితే ఆ రోజుల్లో నాకు భక్తి ఎక్కువ, బుద్ధి తక్కువ. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా. మంచాన పడి కదల్లేని మనిషి దొరికితే చాలు, దేవుడి గురించి ఊదరగొట్టేదాన్ని. రోగులకు తెలియకుండా దిండ్ల కింద మరియమాత పతకాలు పెట్టేదాన్ని. దుప్పట్లు మార్చేటప్పుడు అవి టంగుమని నేలమీద పడేవి. శాంతి ఏరి డబ్బాలో వేసి, “సిస్టరమ్మా, నీ దేవతలు మళ్ళీ జారిపడ్డారు” అనేది.

సాలువాలోని పోలీసు క్యాంపు నుంచి ఒకావిడ వచ్చింది. నేపాలీ మాట్లాడే మనిషి, హిందీ కొంచెం వచ్చు. బిడ్డ కడుపులోనే పోయి పుట్టింది. నేను మంచం పక్కన నిలబడి, దేవుడు తనకు నచ్చిన పువ్వును తెంపుకుంటాడమ్మా అని మొదలుపెట్టాను. ఆవిడ గోడవైపు తిరిగిపోయింది.

దీదీ నన్ను బయటకు పిలిచింది. “లూర్దీ, నీ దేవుడు ఇంతవరకూ నోరు విప్పలేదు. నువ్వెందుకు ఆయన తరఫున మాట్లాడుతున్నావు? వెళ్ళి ఆవిడ తల దువ్వు” అంది.

ఒళ్ళు మండిపోయింది నాకు. అయినా వెళ్ళి, “అమ్మా, తల దువ్వనా?” అని ఆవిడను అడిగాను. చాలాసేపటికి తలాడించింది. మూడు రోజులు దువ్వాను. మూడోరోజు పాలు పడ్డాయి ఆవిడకు, తాగేవాళ్ళు లేరు. రొమ్ములకు గుడ్డ కడుతుంటే నా భుజంమీద పడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దేవుడి మాట ఎత్తలేదు. సాయంత్రం ఆవిడే నా మెడలోని పతకం చూసి, ఎవరిది అని అడిగింది.

“ఒక అమ్మ” అన్నాను.

“ఆమె బిడ్డ?”

“పోయాడు. ఆమె కళ్ళెదురుగానే.”

ఆవిడ ఆ పతకాన్ని చేతిలో పట్టుకుని అలాగే పడుకుంది. గొలుసు నా మెడలోనే ఉంది కాబట్టి నేను వంగి కూర్చునే ఉన్నాను. నా ఉద్యోగంలో నేను నిజంగా విశ్వాసాన్ని పంచుకున్నది ఎప్పుడంటే ఆ సాయంత్రమే అంటాను. ఆవిడ అడిగింది, నేను రెండు ముక్కలు చెప్పాను.

ఇంత నేర్చుకున్న తర్వాత నేను చేసిన పని ఇప్పుడు రాస్తున్నాను.

వాన కురిసిన మధ్యాహ్నం

శ్రావణమాసం. పొద్దుట్నుంచి వాన, ఎర్రమట్టి నీళ్ళు సందంతా పారుతున్నాయి. పైడమ్మను రిక్షాలో తెచ్చారు, ఏడో నెల. భర్త అప్పలరాజు వర్క్‌షాపులో ఉన్నాడు, కబురు పంపాం. అప్పటికి పైడమ్మ మా వీధికి కొత్త, నాకు ముఖపరిచయమే, కుళాయి దగ్గర చూసిన మనిషి.

బిడ్డ పుట్టింది. ఏడవలేదు. నీలంగా, నా అరచేతినిండా లేదు. దీదీ గొంతు శుభ్రం చేసింది, వీపు రుద్దింది, ఊదింది. ఊపిరి ఒకటి వచ్చి ఆగిపోయింది, మరొకటి వచ్చింది. “పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి, బండికి ఫోన్ చేస్తాను. రుద్దుతూ ఉండు” అని దీదీ పక్కగదిలోకి పరుగెత్తింది. పైడమ్మ మత్తులో ఉంది. గదిలో నేనూ ఆ పసిదీ, అంతే.

ఉపదేశి తాత మాట వినబడింది నాకు. “సావు గడపలో ఉన్న పసిదానికి జ్ఞానస్నానం ఇయ్యడానికి ఫాదరే అక్కర్లేదే. నువ్వైనా సాలు.” చిన్నప్పుడు మాకు కొబ్బరిచిప్పతో నీళ్ళు పోయించి నేర్పాడు తాత. బల్లమీద స్టీలు గ్లాసులో కాచి చల్లార్చిన నీళ్ళున్నాయి. చెంచాతో తీసి, మరియ అని పేరు పెట్టి, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున మూడుసార్లు ఆ తలమీద పోశాను. వాన చప్పుడులో నా గొంతు నాకే వినబడలేదు.

బిడ్డతో ఏమీ చెప్పలేదు. పక్క మంచంమీదే తల్లి ఉంది, ఆవిడతోనూ చెప్పలేదు. నా చేతులు చల్లగా ఉన్నాయి.

దీదీ తిరిగి వచ్చింది. మళ్ళీ తన చేతుల్లోకి తీసుకుంది. బిడ్డ మూలిగింది, తర్వాత కీచుమంది. ఆ పిల్ల నేను పోసిన నీళ్ళవల్ల బతికిందని నేను ఎన్నడూ ఎవరితోనూ అనలేదు, ఇప్పుడూ అనను. దీదీ చేతులవల్ల బతికింది, పెద్దాసుపత్రిలో నలభై రోజులు గాజుపెట్టెలో ఉండి బతికింది.

“తల తడిగా ఉందేం?” అంది దీదీ.

“తుడిచాను” అన్నాను.

నా ముఖంలోకి చూసి, బిడ్డ తలకు గుడ్డ చుట్టింది. ఆవిడ నన్ను తిట్టకుండా వదిలింది ఆ ఒక్కసారే.

గుమ్మడికాయల దొంగ

ఆ వారమే పాపసంకీర్తనంలో, గుళ్ళో చేసిన తప్పు ఒప్పుకునేచోట, ముసలి ఫాదరుకు చెప్పాను. ఆయన చాలాసేపు దగ్గి, “ప్రాణం పోయేవేళ ఇచ్చావు, ఆ జ్ఞానస్నానం చెల్లుతుంది, దాన్ని ఎవరూ కడిగెయ్యలేరు. కానీ పిల్ల బతికింది కదమ్మా. ఆ తల్లితో చెప్పు” అన్నాడు. అలాగే ఫాదర్ అన్నాను. ఆయన పోయి పదేళ్ళు దాటింది.

ఎందుకు చెప్పలేదంటే, మొదట భయం. తర్వాత పైడమ్మ నన్ను సొంత అక్కలా అప్పా అని పిలవడం మొదలుపెట్టింది. పిల్లను ఎత్తుకుని వచ్చి, “నీ సేతులమీద పుట్టింది, నీకే పెద్దమ్మరికం” అంది. పండగొస్తే అరిసెలు మా ఇంటికి, క్రిస్మస్‌కి కేకు వాళ్ళింటికి. చెబితే ఇదంతా పోతుంది కదా అని నోరు కట్టుకున్నాను.

ఇంకొకటి కూడా ఉంది, రాయడానికి సిగ్గేస్తోంది. గర్వం. ఆదివారం పూజలో ఆ పిల్లను మనసులో మరియ అని తలుచుకునేదాన్ని. పుట్టినరోజున వాళ్ళు అమ్మవారి గుడికి తీసుకెళ్ళి బొట్టు పెట్టించి తెస్తే, నాకు లోపల ఎక్కడో చురుక్కుమనేది, నా పిల్లకు ఎవరో బొట్టు పెట్టినట్టు. ఎవరి పిల్లమ్మా నీ పిల్ల? అప్పలరాజు ఒకసారి సరదాకి, “ఈ పిల్లకి అన్నీ నీ పోలికలే అప్పా, ఏం మందేసినావో” అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను తింటున్న పళ్ళెం వదిలేసి లేచి వచ్చేశాను.

గడప

ఈస్టరు ముందు వచ్చే తపస్సుకాలం మొదలైన రెండో వారంలో వెళ్ళాను. ఎండ అప్పటికే ముదిరింది. లావణ్య సైకిల్ మీద హిజ్లీ వైపు ట్యూషన్‌కు పోయింది. పైడమ్మ వరండాలో చేటలో బియ్యం ఏరుతోంది.

“రా అప్పా, టీ ఎడతానుండు.”

“టీ తరవాత. ముందు నీకో మాట సెప్పాల, పైడీ.”

చెప్పాను. చెంచా, నీళ్ళు, పేరు, దీదీతో ఆడిన అబద్ధం, ఏదీ దాచలేదు. చేటలో ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి.

“అంటే నా కూతురు కిరస్తానీదేటి?”

“నీ కూతురు నీ కూతురే.”

“నాను సచ్చిపోనాననుకున్నావేటి అప్పా? పక్క మంచంమీదే ఉన్నాను కదా.”

“మత్తులో ఉన్నావు. పిల్ల దక్కదనుకున్నాను.”

“లేపితే లేవనా? ఆ నలభై రోజులూ నాను మొక్కని దేవుడు నేడు. పీరుబాబాకి సాదరు మొక్కినాను. బెంగాలీలోల కాళీకి మొక్కినాను. నీ మరియమ్మకి మొక్కనేటి? అడిగుంటే ఆ గలాసు నానే పట్టుకుందును!” చేట పక్కకు నెట్టేసింది. “నువ్వడగనేదు. అక్కడ తల్లొకతి ఉన్నాదని నీకు తోచనేనేదు.”

దీదీ నలభైసార్లు తిట్టినా ఆ మాట అంత లోతుకు దిగి ఉండదు. క్షమించమన్నాను.

“పద్దెనిమిదేళ్ళు నా సేతి కూడు తిన్నావు. ఒక్కనాడు సెప్పనేకపోనావా? ఎల్లప్పా. నాకిప్పుడు నీ మొకం సూడాలని నేదు.”

వచ్చేశాను. ఆ రోజు నుంచి లావణ్య సైకిల్ బెల్లు మా గుమ్మం ముందు మోగలేదు. వాళ్ళమ్మ చెప్పిందని అర్థమైంది. సైకిల్ వెళ్ళడం వినిపించేది, బెల్లు మాత్రం మోగేది కాదు. నోటుబుక్కు బల్లమీద సగం రాసి ఉండిపోయింది. మధ్యాహ్నం కునుకులో ఆ తెల్ల గదిలోకి వెళ్ళేదాన్ని, ఏడు ఉయ్యాలలే కనిపించేవి. ఎనిమిదోది వెతుక్కుంటూ లేచేదాన్ని.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగందే అమ్మ దగ్గర తీసుకోకూడదని కూడా ఒక సామెత ఉండాల్సింది.

పెద్ద గురువారం గుడిలో, ఏసు తన శిష్యులకు కడిగినట్టు, ఫాదర్ పన్నెండు మంది కాళ్ళు కడిగాడు. కుర్ర ఫాదర్, నేలమీద మోకాళ్ళమీద జరుగుతూ, ఒక్కొక్కరినీ తలెత్తి చూస్తున్నాడు. వాళ్ళు కాలు ముందుకు పెట్టేదాకా చెంబు వంచడం లేదు. చిన్నప్పటినుంచీ చూస్తున్న తంతే. అది ఈ ఏడే నా కంటికి ఆనింది.

కాళ్ళకు నీళ్ళు

ఈస్టరు పండగ వెళ్ళిన తర్వాత ఒక సాయంత్రం పైడమ్మ వచ్చింది. లోపలికి రాలేదు, గేటు దగ్గరే నిలబడింది.

“రేపు అమ్మోరి మాతాపూజ. ఘటాలు ఈ ఈదినే ఎల్తాయి. పిల్ల మొదటిసారి ఎత్తుకుంటాది” అంది.

“మంచిది” అన్నాను.

“అన్ని గుమ్మాలకాడా కాళ్ళకి నీళ్ళు పోస్తారు. నీ గుమ్మంకాడ ఎన్నడూ పొయ్యనేదు. మేమూ అడగనేదు.” కాసేపు గేటు గడియతో ఆడింది. “నా బిడ్డ తలమీద అడక్కుండా పోసినావు. రేపు కాళ్ళమీద అడిగి పొయ్యి.”

నాకు ఏడుపొచ్చేసింది. అయినా మనసులో ఉన్నది దాచకూడదని అప్పటికి నేర్చుకున్నాను. “పైడీ, నేను అమ్మోరికి మొక్కలేను. నడిసొచ్చిన పాదాలకి పోస్తాను.”

“మొక్కమని ఎవులన్నారిక్కడ? నీ మొక్కు నీది” అని విసుక్కుని వెళ్ళిపోయింది. ఆ విసుగు వింటే ప్రాణం లేచివచ్చింది.

మర్నాడు పదకొండింటికి డప్పులు వినిపించాయి. గుమ్మం ముందు రెండు బిందెలు పెట్టుకుని నిలబడ్డాను. పసుపు బట్టలు, వేపమండలు, తలలమీద ఘటాలు. వీధి మొత్తం ఎండలో పసుపు పొగలా కదిలి వస్తోంది. తారురోడ్డు కాలిపోతోంది, అందరివీ ఒట్టి కాళ్ళు. ముందు వచ్చినవాళ్ళకు, “పొయ్యనా అమ్మా” అంటూ పోస్తున్నాను. “పొయ్యి సిస్టరమ్మా” అంటున్నారు. అందులో సగం మంది నా చేతులమీద పుట్టినవాళ్ళే.

లావణ్య వచ్చి నా ఎదుట ఆగింది. తలమీద ఘటం, మెడ కదల్చలేదు, కళ్ళు మాత్రం నావైపు దించింది. వెనక పైడమ్మ ఉంది. నీళ్ళు ఎండకు కాగి ఉన్నాయేమోనని ముందు నా చేతిమీద పోసుకుని చూశాను. తర్వాత మోకాళ్ళమీద కూర్చున్నాను.

“లావణ్యా, పొయ్యనా?”

డప్పులవాళ్ళు ముందుకు వెళ్ళిపోయారు. వెనక వరస ఆగిపోయింది. నేను చెంబు పట్టుకుని అలాగే ఉన్నాను.

“ఆ రోజు నన్నేటని పిలిసినావు?” అంది చివరికి.

“మరియ అని.”

“అది ఎవుల పేరు?”

“ఒక అమ్మ పేరు.”

ఘటంలోంచి పసుపునీళ్ళ చుక్క ఒకటి జారి ఆ పిల్ల చెంపమీదుగా వచ్చి నా ముంజేతిమీద పడింది.

“నోటుబుక్కులో ఇది కూడా రాసినావేటి?”

“రాస్తాను. నువ్వు రాయమంటే.”

“రాయి” అంది. కుడికాలు ముందుకు పెట్టింది. “ఇప్పుడు పొయ్యి, పెద్దమ్మా. కాలిపోతన్నాది.”

పోశాను.